తొట్టి ఎత్తు

కనిగిరి దాటాక
పామూరు రోడ్డులో ఎడమకు తిరిగితే మా పాలెం.
డిసెంబరు ఇరవై నాలుగు.
జామాయిల్ తోటల మీదుగా చలి
చెప్పుల్లేకుండా నడిచొస్తోంది.

గుడి వసారాలో కూర్చుని
ప్యాకెట్లు లెక్కపెడుతున్నాను.
నూట నలభై రెండు.
ఒక్కోదాంట్లో ఒక దుప్పటి, పావుకిలో మైసూరుపాకు,
దాత నవ్వుతున్న క్యాలెండరు.
ఒంగోలు నుంచి లారీలో వచ్చాయి.
పేర్ల పుస్తకం ఒళ్ళో ఉంది, పెన్ను చెవి మీద.
ఎవరు చందా కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు,
పోయినేడు ఎవరు రెండుసార్లు వరసలో నిలబడ్డారు,
అన్నీ నాకు గుర్తే.
బేత్లెహేములో కైసరు గుమాస్తా కూడా
ఆ రాత్రి ఇలాగే వేలు తడుపుకుంటూ
పేజీలు తిప్పుతూ ఉండుంటాడు.

లోపల కుర్రాళ్ళు పశువులపాక కట్టారు.
బెంచీలు పేర్చి, పైన బల్ల వేసి,
బల్ల మీద థర్మాకోల్ కొండలు,
దూది మంచు
(మా ఊళ్ళో ఏ తాతా చూడని మంచు),
అన్నిటికన్నా ఎత్తున
మిణుకు లైట్ల మధ్య బాలయేసు.
చివరి వరసకి కూడా కనపడాలని
నతానియేలు పట్టుదల.

అప్పుడొచ్చింది ఎలీశమ్మ.
వచ్చింది అనకూడదు,
గడప దాటడానికే ఒక కీర్తన పట్టుద్ది ఆమెకు.
ఇరవై ఏళ్ళుగా మా బోరు నీళ్ళు
ఆమె ఎముకలకు సున్నం కొడుతూనే ఉన్నాయి.
నడుం వంగింది. మోకాళ్ళు బిగిశాయి.
మెడ నేలను చూస్తూ చూస్తూ
అట్టాగే గడ్డకట్టింది.
పాలెంలో సగంమందిని మొదట పట్టుకున్న చేతులు ఆమెవి.
ఇప్పుడు మనుషుల్ని పాదాలతో గుర్తుపడుద్ది.
"సుందర్రావు కొడుకువి గదా,
మడమ బాగా పగిలిందయ్యా" అంది నన్ను.
లేచి ప్యాకెట్ ఇవ్వబోయాను.
"అది ఉండనీలే నాయనా. బిడ్డ యాడ?"

బల్ల కాళ్ళు కనపడ్డాయి ఆమెకు.
బెంచీ మేకులు. వైరు చుట్ట.
కర్ర మీద బరువంతా వేసి ఎంత పైకి లాగినా
చూపు మూరెడు దాటలేదు.
"యాడబ్బా" అంది మళ్ళీ,
అడిగినట్టు కాదు, వెతికినట్టు.

ఎవరూ ఏమీ అనలేదు.
కరెంటు వైరు పీకింది మాత్రం నతానియేలే.
కొండలు దిగాయి. మంచు ఊడింది.
ఒంటె కాలొకటి విరిగింది.
తొట్టిని బండల మీద పెట్టి, గడ్డి సర్దితే
సరిగ్గా మోకాలెత్తు వచ్చింది.

పశువుకి నోరందాలి గదా,
తొట్టి ఎక్కడైనా అంతే ఎత్తు.
ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడిలో
ఈ కథ చెబుతున్నాను,
ఈ కొలత ఒక్కసారీ తట్టలేదు.
ఎలీశమ్మ ఉన్నచోటే ఉంది.
ఆయన ఆమె కళ్ళెదురుగా ఉన్నాడు.
చూడాలంటే మేమే,
నడుములు బాగున్నవాళ్ళం,
కింద కూర్చోవాల్సి వచ్చింది.

ఆమె మట్టిబొమ్మ కాళ్ళు తడిమింది.
బొటనవేలితో రెండు మోకాళ్ళూ
పాత మంత్రసాని చూసినట్టే చూసింది.
"బాగుండాయి" అంది.
కాసేపాగి,
"ఈడ పుడితే మన నీళ్ళే తాగాల గదా, పాపం.
తెలిసే వొచ్చాడా?" అంది.

మర్నాడు పాస్టరుగారు గంటన్నర ప్రసంగించారు.
మంచి ప్రసంగమే.
ప్యాకెట్లు ఎనిమిది తక్కువొచ్చాయి,
నాకు తిట్లు పడ్డాయి,
ఒకరి దుప్పటికి చిరుగు.
వీటిలో ఏదీ సరిగా గుర్తులేదు.
ఇంటికొచ్చి గ్లాసెత్తిన ప్రతిసారీ
ఆ ముసలామె ప్రశ్నే
నీళ్ళ అడుగున తేటగా కనపడుతోంది.

పాకని మళ్ళీ బల్ల మీదికి ఎత్తలేదు.
మధ్యాహ్నం జెకర్యా మేక లోపలికొచ్చి
తొట్టిలో గడ్డి సగం మేసింది.
ఎవరూ అదిలించలేదు.